కొమ్మలో రెండో సగం

"చెంచా ఏ చేతికి, మ్యామ్?" అని అడిగాడు ముసలాయన.

"కుడిచేతికి" అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. ఇదేం ప్రశ్న అని మనసులో విసుక్కున్నాను కూడా. అన్నం తినడానికి చెంచా కావాలని వచ్చిన మనిషిని పట్టుకుని ఏ చేతికి అని అడుగుతాడేమిటి? మన తెలుగువాళ్ళలో ఎవరినైనా ఆ మాట అడిగితే నవ్విపోతారు. ముసలాయన మాత్రం నవ్వలేదు. సరేనన్నట్టు తలాడించి, పాక వెనక కుప్పగా పోసి ఉన్న మేపుల్ కొమ్మల్లోంచి వంకర తిరిగినదాన్ని ఒకదాన్ని ఏరడానికి వెళ్ళాడు.

అది 2010 ప్రాంతం. అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మా ఇంటినుంచి కారులో గంట దూరం, అందులో చివరి రెండు మైళ్ళు మట్టిరోడ్డు. అడవి మధ్యలో ఒక రేకుల పాక, దాని పక్కన సన్నటి వాగు. ముసలాయన ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడట. కరెంటుతో తిరిగే యంత్రం ఒక్కటీ పెట్టుకోకుండా, గొడ్డలితో, కత్తులతో, అప్పుడే నరికిన పచ్చికొయ్యను చెక్కి కుర్చీలు, గిన్నెలు, చెంచాలు చేసేవాడు. శనివారాలు ఎవరొస్తే వాళ్ళకు నేర్పేవాడు. నేను నేర్చుకోవడానికి వెళ్ళలేదు, ఒక చెంచా కొనడానికి వెళ్ళాను. "అమ్మను, కావాలంటే నేర్పుతాను" అన్నాడు. ఆకలేసి హోటలుకు వెళ్తే వంట నేర్పుతానన్నట్టుంది కదా అని ఒళ్ళు మండింది. అయినా వెనక్కి తిరిగి రాలేదు. వస్తే ఇంట్లో ఏముందో నాకు తెలుసు.

ఇంట్లో మావారు ఉన్నారు. ఆయనకప్పుడు నలభై నాలుగేళ్ళు. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఆఫీసుకు తయారవుతూ, షర్టు బొత్తాలు పెట్టుకుంటూ మూడో బొత్తాం దగ్గర ఆగిపోయారు. చెయ్యి ఎందుకు కదలడం లేదో తెలియక దానివంకే చూస్తూ నిలబడ్డారు. "ఏమైందండీ?" అని అడిగితే జవాబు చెప్పబోయిన నోరు ఒక పక్కకు జారింది. అంబులెన్సు వచ్చేసరికి మంచం పక్కన నేలమీద ఉన్నారు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. నెలలు గడిచేకొద్దీ కాలు తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని ఇంట్లో నడిచేవారు. మాట తిరిగొచ్చింది, తడుముకుంటూ, పొదుపుగా. కుడిచెయ్యి మాత్రం రాలేదు. భుజంనుంచి అలా వేలాడుతూనే ఉండిపోయింది.

చెయ్యి రాకపోతే రాకపోయె, మనిషి దక్కాడు కదా అని చర్చిలో అందరూ నాకు ధైర్యం చెప్పారు. వాళ్ళకు తెలియనిదేమిటంటే మనిషి తినడం మానేశారు.

ఆస్పత్రిలో ఉన్నప్పుడే థెరపిస్టమ్మాయి ఆయన ఎడమచేతిలో స్టీలు చెంచా పెట్టింది. ఆయన దాన్ని ట్రేలో బోర్లించి, ఆకలి లేదన్నారు. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. ఇంటికొచ్చాక నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. అది కూడా పడకగదిలో, తలుపు వేసి, మా అమ్మాయి చూడకుండా. కళ్ళు కిటికీవైపు తిప్పుకుని నాలుగు ముద్దలు మింగి "చాలు" అనేవారు. ఐదో ముద్ద నా చేతిలోనే చల్లారిపోయేది. వేసవి వచ్చేసరికి ఆయన బెల్టుకు నేను మూడు కొత్త బెజ్జాలు పొడిచాను. "చేతికి ఎక్సర్‌సైజ్ తర్వాత సంగతి, ముందు ఈయన తినాలి, తనంతట తాను తినాలి. ఇలాగే తగ్గిపోతే మళ్ళీ ఆస్పత్రిలో చేర్చుకోవాల్సి వస్తుంది" అన్నాడు డాక్టరు, నావంక చూస్తూ, తప్పు నాదన్నట్టు.

ఎడమచేత్తో తినొచ్చు కదా అని మీరు అడగొచ్చు. డాక్టరు కూడా అడిగాడు. దానికి నేనేం చెప్పను?

మావారి ఇంట్లో ఎడమచేత్తో కంచం ముట్టుకుంటే వాళ్ళ నాన్నగారు గరిటె తిరగేసి వేళ్ళ కణుపులమీద కొట్టేవారట. ఆ పట్టింపు ఈయనకు బాగానే ఒంటబట్టింది. ఆదివారం చర్చికి వెళ్ళినా, అమెరికా వచ్చి పదహారేళ్ళయినా అది పోలేదు. పైగా దేవుడు మాకు పుర్రచేతి వాటం పిల్లను ఇచ్చాడు. మా అమ్మాయి రెండేళ్ళప్పుడే ఏది అందుకున్నా ఎడమచేత్తోనే. ఎడమచేత్తో రాస్తే రాసుకోనిచ్చారు గాని అన్నం దగ్గర మాత్రం ఈయన ఒప్పుకోలేదు. కొట్టేవారు కాదు. పక్కన కూర్చుని, పిల్ల ఎడమచేతిలోని ముద్దను ఓపిగ్గా కుడిచేతిలోకి మార్చేవారు. "ఎడమ చెయ్యి అన్నానికి కాదమ్మా" అనేవారు. రోజుకు మూడుపూటలా, ఏళ్ళ తరబడి. పోనివ్వండి, ఈ దేశంలో ఎవరు చూడొచ్చారు అని నేనంటే "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అనేవారు. మొక్క వంగింది. ఐదో ఏడు వచ్చేసరికి పిల్ల కుడిచేత్తో తినడం నేర్చుకుంది, నాన్న మెచ్చుకుంటే మురిసిపోయింది.

ఇప్పుడు ఆ పిల్లకు పదకొండేళ్ళు. ఆ పిల్ల ఎదుట కూర్చుని ఆయన ఎడమచేత్తో ఎలా తింటారు?

థెరపిస్టమ్మాయి బూడిదరంగు ప్లాస్టిక్ చెంచా ఒకటి ఇచ్చింది. పిడి లావుగా, మెడ వంకరగా ఉండి, చూడగానే ఆస్పత్రి గుర్తొచ్చేది. ఆయన దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. అప్పుడా అమ్మాయే చెప్పింది, అడవిలో ఒక ముసలాయన వంగిన కొమ్మలతో చెంచాలు చేస్తాడు, తేలిగ్గా ఉంటాయి, చేతికి వెచ్చగా ఉంటాయి, చూడ్డానికి వైద్యపు సామానులా ఉండవు అని. అదీ నేను ఆ మట్టిరోడ్డు పట్టడానికి కారణం.

శనివారాలు మా చర్చి ఆంటీ ఒకరు వచ్చి ఆయన దగ్గర కూర్చునేవారు. గుంటూరు వైపు మనిషి, కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. "నువ్వెళ్ళి రా తల్లీ, అబ్బాయిని నే చూసుకుంటాగా" అనేవారు. వెళ్ళేముందు మేం ముగ్గురం ప్రార్థన చేసేవాళ్ళం. ఆంటీ ఆయన కుడిచెయ్యి పట్టుకుని ఆ చేతిని లేపమని ప్రభువును బతిమాలేవారు. పాస్టరుగారు వచ్చినా ఆ చెయ్యే పట్టుకునేవారు. ఏడు నెలల్లో ఆ చేతికోసం ఎంతమంది మోకరించారో లెక్కలేదు. ఎడమచేతికోసం ఒక్కరూ ప్రార్థన చెయ్యలేదు, నేను కూడా.

ముసలాయన పని నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. ఏదీ ముందుగా చెప్పడు. చేసి చూపించి, పనిముట్టు నా చేతిలో పెట్టి, పక్కకు వెళ్ళి తన పని చూసుకుంటాడు. మొదటిరోజు వంకర కొమ్మను దుంగమీద నిలబెట్టి, ఆ వంపు వెంబడే చీల్చుడుకత్తి ఆనించి, కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. కొమ్మ నిలువునా రెండు సగాలైంది. పచ్చికొయ్య కదా, లోపల తడిగా, దోసకాయ కోసినప్పటి వాసన వచ్చింది. రెండు సగాలనూ చదునైన వైపు పైకి వచ్చేలా పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి ఎడమవైపుకు ఒరిగింది, ఒకటి కుడివైపుకు. ఒకే కొమ్మలో రెండు చెంచాలు ఉంటాయని, చెట్టు వంగిన దారినే పోతే పిడి విరగదని చెప్పాడు. కుడిచేత్తో పట్టుకుంటే నోటివైపు తిరిగే సగాన్ని నేను తీసుకున్నాను. రెండోది కాలితో పక్కకు తోసేశాను.

తర్వాత గొడ్డలి. నేను మందుల కంపెనీలో కాగితాలు సరిచూసే ఉద్యోగం చేసేదాన్ని. నా చేతికి తెలిసిన పదునైన వస్తువల్లా కత్తిపీటే. గొడ్డలి ఎత్తితే అది ఒకచోటికి, నా చూపు ఒకచోటికి పోయేవి. ముసలాయన వచ్చి నా మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, "బలం వద్దు, బరువును పడనివ్వండి" అనేవాడు. ఆ తర్వాత ఒక బల్లమీద గుర్రం ఎక్కినట్టు అటోకాలు ఇటోకాలు వేసి కూర్చోవాలి. కాలితో కింది పలకను తొక్కితే పైన కర్ర బిగుసుకుంటుంది. రెండు పిడులున్న కత్తితో ఒళ్ళోకి లాక్కుంటూ చెక్కాలి. పొట్టు పొడుగ్గా లేచి చీరమీద, అంటే ఆ రోజుల్లో నేను జీన్సే వేసుకునేదాన్నిలెండి, ఒళ్ళంతా రాలేది. చివరకు వంకరకత్తితో లోపలి గుంట తొలవాలి. ఆ వంకరకత్తి చిన్నదే గాని నన్ను ఏడిపించినంత మరేదీ ఏడిపించలేదు.

రెండు శనివారాలు పట్టింది మొదటి చెంచాకు. మావారికి చూపించకుండా తీసుకెళ్ళి, ఇంటి వెనక చెక్క అరుగు డెక్‌మీద తెల్లగుడ్డ పరిచి ఎండలో పెట్టాను. మనకు ఏ వస్తువు తడిగా ఉన్నా ఎండలో పెట్టడమేగా తెలిసింది. వడియాలు, మామిడి ఒరుగులు, మిరపకాయలు, ఏవైనా సరే మంచి ఎండ తగిలితేనే పని పూర్తయినట్టు. జులై ఎండ. సాయంత్రానికి చెంచా గుంటలోంచి పిడిదాకా పగిలి నోరు తెరిచింది. పగుల్లో వేలుగోరు దూరింది. డెక్‌మీద కూర్చుని ఏడ్చాను. ఒక చెంచాకోసం అంత ఏడుపేమిటని మా అమ్మాయి భయపడింది.

ముసలాయన ఆ చెంచాను అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిసారి నవ్వాడు. "ఎండలో పెట్టారా?"

"మరి ఆరొద్దా?"

"ఆరాలి. కాని దానికి తెలియకుండా ఆరాలి, మ్యామ్" అన్నాడు. చెక్కిన పొట్టులోనే పెట్టి, కాగితపు సంచిలో చుట్టి, నీడలో రెండు వారాలు ఉంచాలట. తొందరపెడితే పైన ఆరిపోయి లోపల తడి నిలిచిపోతుంది, అప్పుడు చీలుతుంది. ఆ మాటే నాకు డాక్టరు చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. ముసలాయనతో పోట్లాట కుదరదు. చెప్పాల్సింది చెప్పేసి పక్కకు వెళ్ళిపోతాడు.

ఆగస్టు పోయింది. రెండో చెంచా పిడి సన్నమైంది. మూడోదానికి గుంట లోతు చాలలేదు. నాలుగోది బాగా వచ్చింది, నున్నగా, అరచేతిలో అమిరేట్టు. అన్నీ కుడిచేతివే. అక్కడ ప్రతి చెంచాకూ ఒక కొమ్మ చీలేది, నేను కుడిది తీసుకునేదాన్ని, ఎడమది పక్కకు తోసేదాన్ని. నాలుగో చెంచాకు నువ్వులనూనె పట్టించి ఆయన కంచం పక్కన, కుడివైపు పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. వేలాడే తన చేతివంక చూసుకున్నారు.

"బాగుంది" అన్నారు. ముట్టుకోలేదు.

నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదనుకోకండి. తెలుసు. ఎడమచేతి చెంచా చేసి ఆయన ముందు పెట్టానంటే, ఆ కుడిచెయ్యి ఇక రాదని ఇంట్లో మొదట ఒప్పుకున్నది నేనే అవుతాను. ఆ మాట నా నోటినుంచి రాకూడదు. ఎవరైనా చెబితే బాగుండు అని కూడా అనుకునేదాన్ని.

సెప్టెంబరులో థెరపిస్టమ్మాయే చెప్పింది. భుజం కదలికకు ఇంట్లో చేయించండి, వేళ్ళలో మాత్రం ఇంక మార్పు ఉండకపోవచ్చు, ఇక్కడికి రావడం ఆపేయొచ్చు అంది. ఆయన్ని కారులో ఎక్కించుకుని బయల్దేరాను. రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడు నేను చెయ్యి అందుకోబోయాను. దగ్గరున్న ఎడమచేతిని దాటి పోయి కుడిచెయ్యి పట్టుకున్నాను. అది నా చేతిలో ఉందని ఆయనకు తెలియనే లేదు.

ఆ శనివారం అడవికి వెళ్ళి మళ్ళీ కుడిచేతి సగమే తీసుకున్నాను. ముసలాయన నావంక చూసి తన పనిలోకి వెళ్ళిపోయాడు. కోపంగా ఉన్నాను. ఎవరిమీదో చెప్పలేను. దేవుడిమీద అందామంటే ఆదివారం మళ్ళీ ఆయన ముందుకే వెళ్ళాలి. వంకరకత్తిని నా బొటనవేలివైపు లాక్కుంటూ గుంట తొలుస్తున్నాను. వేలు అడ్డం ఉందని, పక్కకు పెట్టుకోవాలని ముసలాయన నాలుగు వారాలనుంచి చెబుతూనే ఉన్నాడు. కొయ్యలో ముడి తగిలింది. బలంగా లాగాను. ముడి వదిలింది, కత్తి నా కుడి బొటనవేల్లోకి దిగింది.

ముసలాయన పాత గుడ్డతో కట్టి, తన ట్రక్కులో టౌన్లో ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. గుడ్డ తడిసిపోతూ ఉంది. సగం దారిలో, రోడ్డుమీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"మ్యామ్, మీవారికి పనిచేసేది ఏ చెయ్యి?"

మావారి చేతి సంగతి ముసలాయనకు నేనెప్పుడూ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని మాత్రం అన్నాను. "ఎడమది" అన్నాను. ఏడు నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అన్నాక ఆగలేదు, ఏడుస్తూనే ఉన్నాను, క్లినిక్ వచ్చేదాకా.

"మీకెలా తెలుసు?" అని ఏడుస్తూనే అడిగాను.

"కుడిచెయ్యి బాగున్నవాళ్ళు షాపులో చెంచా కొనుక్కుంటారు. ఇంతదూరం రారు."

"మరి మొదటిరోజే చెప్పొచ్చు కదా!" అని గట్టిగా అరిచాను. పాపం, సాయం చేస్తున్న మనిషిమీద.

"చెబితే వినేవారా?" అన్నాడు.

నాలుగు కుట్లు పడ్డాయి. బొటనవేలికి, అరచేతికి కలిపి కట్టు కట్టారు. ఇంటికి వచ్చాక ఆంటీ చూసి గుండెలు బాదుకుని, అన్నం నేను పెడతానన్నారు. మావారు ఒప్పుకోలేదు, పరాయి ఆడమనిషి చేతి ముద్దా అన్నట్టు చూశారు. ఆంటీని పంపేసి, నేనే పళ్ళెం పట్టుకుని పడకగదిలోకి వెళ్ళాను. కట్టున్న చేత్తో కలపడం కుదరదు. ఎడమచేత్తో పప్పన్నం కలిపి, ఎడమచేత్తో ముద్ద చేసి ఆయన నోటిదగ్గర పెట్టాను.

ఆయన ముఖం తిప్పుకున్నారు.

నేను ఎంత ఓర్చుకున్నానో నాకే తెలుసు. ఆ క్షణంలో అంతా పోయింది. "నా ఎడమచెయ్యీ వద్దు, మీ ఎడమచెయ్యీ వద్దు. మరెవరి చెయ్యి కావాలండీ మీకు? చచ్చిపోతారా? చచ్చిపోయి నన్నూ పిల్లనూ ఏం చెయ్యమంటారు?" అని అరిచాను. పళ్ళెం మంచంమీద పడేసి బయటికి వస్తే, తలుపు అవతల మా అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అంతా వినింది. నేను దాన్ని దగ్గరికి తీసుకోలేదు. ఎవరినీ పట్టుకునే స్థితిలో లేను. లోపల ఆయన ఏడుస్తున్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత నెల రోజులు ఆయన రాగిజావతో, మజ్జిగతో, పాలతో బతికారు. గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవచ్చు కదా. భోజనాల దగ్గర కుడిచెయ్యి ఎంగిలిగా ఉంటుంది కాబట్టి మంచినీళ్ళు అందరం ఎడమచేత్తోనే తాగుతాం, అది తప్పు కాదు. తప్పు కాని దారి అదొక్కటే మిగిలింది. నేను జావలో నెయ్యి ఎక్కువ వేసేదాన్ని, బాదంపప్పు నూరి కలిపేదాన్ని. బెల్టు ఇంకో బెజ్జం లోపలికి వెళ్ళింది.

మరుసటి శనివారం కట్టుతోనే అడవికి వెళ్ళాను. పని చెయ్యలేనని తెలుసు. ఇంట్లో ఉండలేక వెళ్ళాను. ముసలాయన నన్ను వాగు దగ్గరకు తీసుకెళ్ళి, వంగి, నీళ్ళలోంచి ఒక రాయి పక్కకు దొర్లించాడు. రాయి కింద గోనెసంచి, సంచిలో నేను కాలితో తోసేసిన సగాలన్నీ. ఐదు కొమ్మల ఎడమ సగాలు. నీళ్ళలో ఉంచితే కొయ్య ఎన్నాళ్ళయినా పచ్చిగానే ఉంటుందట, చెక్కడానికి ఎదురుచూస్తూ.

"నేనింకా చెక్కలేను" అన్నాను కట్టు చూపిస్తూ.

"కుట్లు తీసేదాకా అవి అక్కడే ఉంటాయి" అన్నాడు. రాయి మళ్ళీ సంచిమీద పెట్టాడు.

కుట్లు తీశాక బొటనవేలు బిగుసుకుపోయింది. గొడ్డలి దెబ్బలు ముసలాయన వేశాడు. చెక్కుడంతా నేనే చేశాను, మెల్లగా, వేలు పక్కకు పెట్టుకుని. కోపం దిగిపోయింది కదా, తొందర లేదు. ఎడమచేత్తో పట్టుకుని నోటిదగ్గరికి తెచ్చి చూసుకుంటూ, ఎక్కడ ఒరగాలో, ఎంత లోతుండాలో చూసుకుంటూ చెక్కాను. అలా పట్టుకోవడం నాకూ సిగ్గుగా అనిపించింది. అడవిలో ముసలాయన, రెండు ఉడతలు తప్ప ఎవరూ లేరు, అయినా సరే. పొట్టులో చుట్టి నీడలో ఆరబెట్టాను. రెండు వారాలు సంచి విప్పకుండా ఉండటం నా వల్ల అయిన పెద్ద పని.

శుక్రవారం ఆ చెంచాను ఆయన కంచానికి ఎడమవైపు పెట్టాను. ఆయన చూశారు, జావ తాగి లేచారు. శనివారం కూడా అంతే. ఇక నాకు చెయ్యడానికేమీ మిగల్లేదు. అంతవరకు ఏదో ఒకటి చెక్కుతూ, నూనె రాస్తూ, చేస్తున్నానన్న భ్రమలో ఉన్నాను. చెంచా తయారైపోయింది. తినడం నా చేతిలో పని కాదు.

ఆదివారం చర్చినుంచి వచ్చి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఆయన్ని టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం మాత్రం నేను మానలేదు. మా అమ్మాయి ప్రార్థన చేసింది, ఆమెన్ అన్నాం. పప్పు, బంగాళదుంప వేపుడు, పెరుగు. ఆయన ముందు పళ్ళెంలో వడ్డించాను. పక్కన చెంచా.

"ఆకలి లేదు" అన్నారు.

మా అమ్మాయి చెయ్యి చాపి ఆయన పళ్ళెం పక్కనున్న చెంచా తీసుకుంది. ఎడమచేత్తో. తన కంచంలో పప్పన్నం కలుపుకుని, ఆ చెంచాతో, ఎడమచేత్తో, తినడం మొదలుపెట్టింది. ఒక్క మెతుకు కింద పడలేదు. చెయ్యి ఎంత తేలిగ్గా పోయి వస్తోందో. కుడిచేత్తో తినేటప్పుడు ఆ పిల్ల మోచెయ్యి ఎప్పుడూ బిగుసుకుని ఉండేదని, దాన్ని నేను ఇన్నేళ్ళూ చూస్తూనే గమనించలేదని అప్పుడు తెలిసింది.

ఏమంటారో ఈయన.

ఆయన పిల్ల చేతివంక చూశారు. "ఎప్పుడు... నేర్చుకున్నావ్?"

పిల్ల తల దించుకుంది. "స్కూల్లో డాడీ. కిండర్‌గార్టెన్ నుంచి లంచ్ అంతా లెఫ్ట్‌తోనే తింటాను. ఇంట్లో మాత్రం రైట్‌తో. మీకు శాడ్‌గా ఉంటుందని చెప్పలా."

ఆరేళ్ళు. నేను కట్టిచ్చిన పులిహోర డబ్బాలు, చపాతీ డబ్బాలు అన్నీ ఆ చేత్తోనే తినింది. ఇంటికి వచ్చి ఖాళీ డబ్బా సింకులో పెట్టి, మా కోసం చెయ్యి మార్చుకుంది. నాకు తెలియదు. కన్నతల్లిని, నాకు తెలియదు.

ఆయన ఎడమచెయ్యి టేబుల్‌మీదకు వచ్చింది. అరచెయ్యి పైకి తెరిచి పెట్టారు. పిల్ల చెంచా తుడిచి అందులో పెట్టింది. వేళ్ళు ఎక్కడ ఉండాలో ఒక్కొక్కటే సర్ది, "లూజ్‌గా పట్టుకోండి డాడీ, గట్టిగా కాదు" అంది. మొదటి చెంచా నోటిదాకా వెళ్ళేలోపే ఒరిగి అన్నం షర్టుమీద పడింది. రెండోది సగం వెళ్ళింది. నేను లేవబోయాను, ఏం చెయ్యడానికో తెలియదు, చెయ్యి పట్టుకోవడానికో, తుడవడానికో. ఆయన తల అడ్డంగా ఊపారు. కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మా అమ్మాయి తన కంచం ముందుకు జరుపుకుని, అలవాటుగా కుడిచెయ్యి అన్నంలో పెట్టబోయింది. ఆయన చెంచా దించి, ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. నమిలి, మింగి, మాట కూడదీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"ఆ చేత్తో వద్దమ్మా" అన్నారు. "నీ చేత్తో తిను."